1972 అంబాసిడర్ మార్క్ టూ: సీసం లేని పెట్రోలు కోసం హెడ్డు దింపించాలా?

మలకపేట_మార్క్‌టూ:

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు 1972లో కొన్న అంబాసిడర్ మార్క్ టూ 1997 వరకు ఆయన చేతిలోనే నడిచింది. ఆయనకు చూపు మందగించాక అది మలకపేటలోని మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో, పాత పరుపులూ నీళ్ల డ్రమ్ములూ మీద మోసుకుంటూ ఇరవై ఆరేళ్లు ఉండిపోయింది. 2023లో ఇంజను విప్పించి రింగులూ బేరింగులూ మార్పించాను కానీ, హెడ్డుకు (వాల్వులు ఉండే ఇంజను పైభాగానికి) మాత్రం వాల్వులు నూరించడం తప్ప వేరే పని చేయించలేదు. అప్పటి నుంచి 4,200 కిలోమీటర్లు తిరిగింది.

ఈ ఏడాది, అంటే 2025 వేసవి మొదలైనప్పటి నుంచి పికప్ తగ్గింది. సిగ్నల్ దగ్గర పచ్చ దీపం పడగానే యాక్సిలేటర్ నొక్కితే ఒక్క క్షణం వెనుకాడి, తరువాత లాగుతుంది. చాదర్‌ఘాట్ వంతెన మీద మిట్టమధ్యాహ్నం రెండుసార్లు పూర్తిగా ఆగిపోయి, పావుగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. మాకు తెలిసిన మెకానిక్ చూసి, ఈ ఇంజను సీసం కలిపిన పెట్రోలుకు పుట్టినదనీ, ఇప్పటి పెట్రోలుకు వాల్వు సీట్లు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచులు) అరిగిపోయి ఉంటాయనీ, హెడ్డు దింపి గట్టి సీట్లు వేయించాల్సిందేననీ చెప్పి రూ.38,000 అడిగాడు. ఆయన మాట నిజమేనా, లేక ముందు వేరే ఏదైనా చూసుకోవాలా, అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పద్మిని_81:

అనవసరపు ఖర్చు పెట్టుకోకండి. దేశమంతటా సీసం పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరి 1తో ఆగిపోయింది. నా 1981 ప్రీమియర్ పద్మిని ఆ తరువాత పాతికేళ్లుగా సీసం లేని పెట్రోలుతోనే తిరుగుతోంది, ఇంతవరకూ హెడ్డు విప్పే అవసరం రాలేదు. సీసం లేకపోతే ఇంజను పోతుందన్నది నిజమైతే ఈపాటికి ఈ ఊళ్లో ఒక్క పాత కారూ మిగిలి ఉండేది కాదు.

రాణిగంజ్_లేత్:

పద్మిని గారి మాటలో సగం నిజం ఉంది, కానీ ఆ సగం ఈ కారుకు వర్తించదు. పద్మినిది ఫియట్ 1100 ఇంజను, దాని హెడ్డు అల్యూమినియం. అల్యూమినియంలో వాల్వు నేరుగా కూర్చోలేదు కాబట్టి కంపెనీలోనే వేరే లోహపు రింగులు సీట్లుగా ఎక్కించారు. మారుతి 800 హెడ్డు కూడా అల్యూమినియమే కనుక దానికీ ఈ బాధ లేదు. అంబాసిడర్‌లో ఉన్నది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి 1489 సీసీ బీ సిరీస్ ఇంజను, దాని హెడ్డు పోత ఇనుము. అందులో సీటును హెడ్డు ఇనుములోనే కోశారు, వేరే రింగు లేదు.

రెండో సంగతి. పాతికేళ్లుగా నడిచిన కారుకూ, 1997లో ఆగిపోయి 2023లో లేచిన కారుకూ తేడా ఉంది. ఈ ఇంజను నడిచిన కాలంలో ఎక్కువ భాగం సీసం పెట్రోలుతోనే నడిచింది. కాబట్టి సీసం లేకుండా అది ఎలా ఉంటుందో మనకు తెలిసింది ఆ 4,200 కిలోమీటర్లలోనే. భయపడమని చెప్పడం లేదు, పరీక్షించకుండా తీర్పు చెప్పవద్దంటున్నాను.

మలకపేట గారూ, 2023 నుంచి ఇప్పటివరకు ట్యాపెట్ గ్యాపు, అంటే వాల్వు కాడకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు, ఎన్నిసార్లు కొలిచారు? కొలిచి ఉంటే ఆ అంకెలు ఇక్కడ రాయండి. మీ మెకానిక్ రూ.38,000 అడిగే ముందు ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచటి ఉక్కు ఆకుల కట్ట) పెట్టి చూశాడా?

మలకపేట_మార్క్‌టూ:

నిజం చెప్పాలంటే 2023లో ఇంజను కట్టినప్పుడు అన్నిటికీ 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెట్టారు, తరువాత ఎవరూ మూత తీయలేదు. మెకానిక్ కూడా శబ్దం విని చెప్పినదే తప్ప కొలవలేదు.

కెమిస్ట్రీ_మాస్టారు:

ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి కొంచెం విస్తరించి రాస్తాను, మన్నించగలరు.

పెట్రోలులో సీసం కలిపింది వాల్వుల కోసం కాదు. ఇంజనులో కంప్రెషన్ పెంచితే పెట్రోలు తనంతట తాను ముందే అంటుకొని టకటకమని కొట్టుకుంటుంది. ఆ నాకింగును టెట్రాఇథైల్ లెడ్ ఆపుతుందని 1921లో అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో థామస్ మిడ్జ్‌లీ కనుగొన్నాడు, 1923లో అది బంకుల్లోకి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే న్యూజెర్సీలో దాన్ని తయారుచేసే చోట కార్మికులు సీసం విషానికి చనిపోయినా వాడకం ఆగలేదు. ప్రపంచంలో చిట్టచివరగా అల్జీరియా బంకుల్లో అది 2021లో అయిపోయింది. మన దేశంలో సుప్రీంకోర్టులో పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా నడిపిన వ్యాజ్యాల ఒత్తిడితో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలై, అయిదేళ్లలో దేశమంతా వ్యాపించింది.

వాల్వుకు జరిగిన మేలు అనుకోకుండా జరిగినది. మంటలో టెట్రాఇథైల్ లెడ్ విడిపోయి, సీసపు సమ్మేళనాలు ఎగ్జాస్ట్ వాల్వు (మండిన పొగను బయటకు వదిలేది) సీటు మీద పలుచటి పొరగా అంటుకునేవి. ఎర్రగా కాలే వాల్వుకూ ఇనుప సీటుకూ మధ్య ఆ పొర మెత్తగా అడ్డుండేది. అది లేనప్పుడు, ఇంజను గట్టిగా పనిచేస్తున్న వేళ, సీటు ఇనుములోంచి అతి చిన్న రేణువులు వాల్వు ముఖానికి అతుక్కొని ఊడి వస్తాయి. ఊడి వచ్చిన రేణువు తరువాత సీటును గరుకు కాగితంలా గీకుతుంది. అలా సీటు అరిగిన కొద్దీ వాల్వు హెడ్డులోకి పైపైకి దిగబడుతుంది. వాల్వు కాడ రాకర్ వైపు జరుగుతుంది కనుక ట్యాపెట్ గ్యాపు తగ్గిపోతూ, చివరకు వాల్వు మూసుకోకుండా మాడిపోతుంది. రాణిగంజ్ గారు గ్యాపు అంకెలు అడిగింది ఇందుకే.

ఇందులో ముఖ్యమైన మాట “గట్టిగా పనిచేస్తున్న వేళ” అన్నది. ఎక్కువ ఆర్‌పీఎంలో, ఎక్కువ బరువుతో, ఆగకుండా నడిపినప్పుడే ఈ అరుగుదల వేగంగా సాగుతుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠికి రెండో గేరులో వెళ్లే కారుకు అంత వేడి పుట్టదు. చౌమహల్లా ప్యాలెస్‌లో చూసే ఆ పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1912 నాటిది, అంటే పెట్రోలులో సీసం అన్న ఊహ కూడా లేని రోజుల్లో తయారైనది. నిజాం గారి కారు సీసం రుచి ఎరగకుండానే పుట్టి ఊరేగింది. ఆ కాలపు ఇంజన్లు నెమ్మదైనవి, కంప్రెషన్ చాలా తక్కువ. పాత కారు అనగానే సీసం తప్పదనుకోవడం సరికాదని చెప్పడానికి ఈ ఉదాహరణ ఇచ్చాను.

హెరాల్డ్_ప్రయాణి:

మాస్టారి వివరణను అంగీకరిస్తూనే, గట్టి సీట్లు వేయించుకున్నవాడిగా నా అనుభవం చెబుతాను. నాది మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, 948 సీసీ, దాని హెడ్డు కూడా పోత ఇనుమే. ఊళ్లో తిరిగినంత కాలం ఏ ఇబ్బందీ లేదు. మా అమ్మాయికి విజయవాడలో ఉద్యోగం వచ్చాక నెలకు రెండుసార్లు జాతీయ రహదారి మీద ఆపకుండా తోలడం మొదలుపెట్టాను. ఎనిమిది నెలల్లో మూడో సిలిండరు ఎగ్జాస్ట్ గ్యాపు రెండుసార్లు మూసుకుపోయింది. రెండోసారి సూర్యాపేట దాటాక కంప్రెషన్ పోయి, మూడు సిలిండర్లతో ఇల్లు చేరాను. హెడ్డు దింపి చూస్తే ఆ సీటు మిగతా మూడింటికంటే లోతుగా, గిన్నెలా దిగి ఉంది. నాలుగు ఎగ్జాస్టులకూ గట్టి సీట్లు వేయించాను, ఆ తరువాత గ్యాపు కదల్లేదు. దూరం నడిపే ఉద్దేశం ఉంటే ఒకేసారి చేయించుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

రాణిగంజ్_లేత్:

హెరాల్డ్ గారు చేసింది సరైన పని. కొలిచారు, గ్యాపు పోతోందని రుజువైంది, అప్పుడు చేయించారు. నేను ఆ పని రోజూ చేసేవాణ్ణి, దాని మీద నాలుగు రూపాయలు సంపాదించేవాణ్ణి, అయినా తొందరపడవద్దనే చెబుతాను. ఎందుకంటే సీటు వేయాలంటే హెడ్డులో గాడి బోరు చేయాలి. యాభై ఏళ్ల హెడ్డులో నీటి గదికీ ఎగ్జాస్ట్ సీటుకూ మధ్య గోడ ఎంత మిగిలి ఉందో పైకి కనబడదు, లోపలి నుంచి తుప్పు తిని ఉంటుంది. ఒక్క అరమిల్లీమీటరు ఎక్కువ కోస్తే నీళ్ల గదికి చిల్లు పడుతుంది, ఆ హెడ్డు ఇక తూకానికే. రింగు పట్టు సరిగ్గా కుదరకపోతే నడుస్తూ నడుస్తూ ఊడి పిస్టను మీద పడిన సందర్భం కూడా నా చేతుల మీదుగా వెళ్లింది. కనుక అవసరమని తేలితేనే ఈ పని, అదీ ఎగ్జాస్టులకు మాత్రమే. ఇన్‌టేక్ వాల్వులను వచ్చే పెట్రోలే చల్లబరుస్తుంది, వాటి జోలికి వెళ్లనక్కరలేదు.

మలకపేట గారూ, మీరే కొలుచుకోవచ్చు. రేడియేటర్ వైపు నుంచి వాల్వులకు 1 నుంచి 8 వరకు అంకెలు వేసుకోండి. బీ సిరీస్‌లో 1, 4, 5, 8 ఎగ్జాస్టులు, మిగతావి ఇన్‌టేకులు. ఇంజనును చేత్తో తిప్పుతూ, 8వ వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకున్నప్పుడు 1వది కొలవండి, 6 నొక్కుకున్నప్పుడు 3, 4 నొక్కుకున్నప్పుడు 5, ఇలా రెండంకెలూ కలిపితే 9 రావాలి. ఆ లెక్క ఒక్కటి గుర్తుంటే పుస్తకం అక్కరలేదు. 15 థౌ అంటే 0.38 మిల్లీమీటర్లు. గేజి ఆకు దూరినప్పుడు వెన్నలో కత్తిలా జారకూడదు, బిగుసుకోనూ కూడదు, కొంచెం పట్టి లాగినట్టు ఉండాలి. చల్లటి ఇంజను మీద కొలిస్తే ప్రతిసారీ చల్లటి దాని మీదే కొలవండి. అంకెలు పుస్తకంలో రాసి, పక్కన కిలోమీటర్లు వేయండి.

ఓల్డ్‌సిటీ_జావా:

పెద్దలకు ఒక సందేహం. చిన్న విమానాలకు పోసే పెట్రోలులో ఇంకా సీసం ఉందని విన్నాను. బేగంపేట విమానాశ్రయంలో శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి కదా, అక్కడ దొరికితే లీటరు లీటరుకూ కొంచెం కలుపుకోవచ్చా?

కెమిస్ట్రీ_మాస్టారు:

మీరు విన్నది నిజమే బాబూ. 100ఎల్‌ఎల్ అనే ఆ విమాన పెట్రోలులో లీటరుకు 0.56 గ్రాముల వరకు సీసం ఉండవచ్చు. అయితే అది రోడ్డు మీది వాహనాలకు అమ్మేది కాదు, దొరికినా వాడవద్దనే చెబుతాను. మీ జావా వెనుక మలకపేట ట్రాఫిక్‌లో నిలబడే పిల్లవాడు ఆ పొగ పీల్చాలి. పిల్లల మెదడును దెబ్బతీస్తుందనే కదా దాన్ని ఇంత కష్టపడి తీసేసింది. పైగా మీది టూ స్ట్రోక్ ఇంజను, దానికి వాల్వులే లేవు.

మలకపేట_మార్క్‌టూ:

ఆదివారం ఉదయం చల్లటి ఇంజను మీద, మా అబ్బాయి ఫ్యాను పట్టుకొని తిప్పుతుంటే నేను కొలిచాను. 4,200 కిలోమీటర్ల తరువాత ఎగ్జాస్టులు ఇలా ఉన్నాయి: 1వది 15, 4వది 12, 5వది 14, 8వది 15. ఇన్‌టేకులు నాలుగూ 15 నుంచి 16 మధ్య ఉన్నాయి. 4 తప్ప మిగతావి దాదాపు పెట్టినట్టే ఉన్నాయి కనుక మనసు కుదుటపడింది. కానీ వాల్వులు బాగానే ఉంటే బండి ఎందుకు ఆగుతోందో అర్థం కావడం లేదు.

రాణిగంజ్_లేత్:

కొత్తగా నూరిన వాల్వు కుదురుకోవడంలోనే ఒకటి రెండు థౌ పోతాయి. 4వదాన్ని మళ్లీ 15కు పెట్టి వెయ్యి కిలోమీటర్లు తిప్పి చూడండి. వాల్వు మాడితే చల్లారాక బాగవదు. పావుగంటలో కోలుకుంటోందంటే జబ్బు హెడ్డులో లేదు, పెట్రోలు దారిలో ఉంది.

కెమిస్ట్రీ_మాస్టారు:

రాణిగంజ్ గారి మాటనే కొనసాగిస్తాను. మనం సీసం లేదని బెంగపడుతున్నాం కానీ, లేనిదాని కంటే ఉన్నదే ఇప్పుడు ఎక్కువ ఇబ్బంది పెడుతోంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 మన దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దాదాపు అన్ని బంకులకూ వచ్చింది. 2023లో మీరు కార్బొరేటర్ (గాలినీ పెట్రోలునూ కలిపే భాగం) కుదిర్చిన నాటికి బంకులో దొరికింది చాలావరకు 10 శాతం కలిపినదే. అంటే మీ కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే జెట్టు ఒక పెట్రోలుకు కుదిరి, ఇప్పుడు మరో పెట్రోలు తాగుతోంది.

శుద్ధమైన పెట్రోలు కిలో మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు, ఎందుకంటే అది తన ఆక్సిజన్‌ను తానే వెంట తెచ్చుకుంటుంది. ఈ20కి సుమారు 13.5 సరిపోతుంది. ఇప్పటి కార్లలో కంప్యూటరు ఈ తేడాను పసిగట్టి పెట్రోలు పెంచుతుంది. మన కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు, పాత లెక్కలోనే వడ్డిస్తుంది, మిశ్రమం పలచబడుతుంది. పికప్‌లో మీరు చెప్పిన ఆ వెనుకంజ పలచబడిన మిశ్రమపు లక్షణమే. మైలేజి కూడా కొంత పడుతుంది. ఈ10కి కుదిర్చిన కార్లలో ఆ తగ్గుదల 6 నుంచి 7 శాతం ఉండవచ్చని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ప్రణాళికలోనే రాశారు. ఒక్క మేలు మాత్రం ఉంది, ఇథనాల్ ఆక్టేన్‌ను, అంటే నాకింగును తట్టుకునే గుణాన్ని, పెంచుతుంది కాబట్టి నాకింగు భయం లేదు.

ఇక రబ్బరు. 1972లో ఇథనాల్‌ను ఎవరూ దృష్టిలో పెట్టుకోలేదు. ఆ కాలపు హోస్ పైపులు, పంపు డయాఫ్రం, కార్కు ప్యాకింగులు ఇథనాల్‌కు ఉబ్బుతాయి, మెత్తబడతాయి. ఇరవై ఆరేళ్లు నిలిచిన ట్యాంకులోని జిగురునూ తుప్పునూ కూడా అది కడిగి వదిలి ఫిల్టరుకు తెచ్చిపెడుతుంది.

మీ బంకు పెట్రోలులో ఎంత ఇథనాల్ ఉందో మీరే చూసుకోవచ్చు. గీతలున్న గాజు కొలజాడీలో 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, దాని మీద 100 మిల్లీలీటర్ల పెట్రోలు పోయండి. మూత పెట్టి కుదిపి, పది నిమిషాలు వదిలేయండి. ఇథనాల్ పెట్రోలును విడిచి నీళ్లతో కలిసిపోతుంది, కింద నీటి గీత పైకి జరుగుతుంది. జరిగినంత మేరకు ఇథనాల్ అని స్థూలంగా లెక్క. ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయండి, అగరుబత్తి కూడా దగ్గర ఉండకూడదు.

పద్మిని_81:

అల్యూమినియం హెడ్డు విషయంలో తప్పు దిద్దినందుకు రాణిగంజ్ గారికి ధన్యవాదాలు. ఈ రబ్బరు సంగతి మాత్రం నాకు స్వయంగా అనుభవమే. గత ఏప్రిల్‌లో నా పద్మిని కూడా ఎండలో ఆగిపోతుంటే, చిన్నప్పుడు మా బాబాయి చేసినట్టే ఏసీ పంపు (ఏసీ అనే కంపెనీ పెట్రోలు పంపు) మీద తడిగుడ్డ చుట్టి నెట్టుకొచ్చాను. గుడ్డ ఆరగానే మళ్లీ ఆగేది. చివరకు చూస్తే పంపుకు ముందున్న రబ్బరు ముక్క లోపల పుండులా ఉబ్బి, పెన్సిలు దూరే కంత అగ్గిపుల్లంత అయింది. పంపు లాగిన కొద్దీ పెట్రోలు అందక ఆవిరి బుడగలే వచ్చేవి. రాణిగంజ్‌లో హోసులు అమ్మే చోట ఎస్ఏఈ జే30 ఆర్9 (ఇథనాల్ పెట్రోలును తట్టుకునే హోసు ప్రమాణం) అని అచ్చు వేసి ఉన్నదాన్ని అడగండి. మామూలు నీళ్ల పైపు, గ్యాసు పైపు అంటగట్టబోతారు, ఒప్పుకోవద్దు.

మలకపేట_మార్క్‌టూ:

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, వెయ్యి కిలోమీటర్లు పూర్తయ్యే వరకు ఆగాను.

మొదట జాడీ పరీక్ష చేశాను. కోఠిలో కొన్న కొలజాడీలో మా వీధి చివరి బంకు పెట్రోలు పోసి కుదిపితే, 10 దగ్గర ఉన్న నీటి గీత 29 దగ్గర తేలింది. పక్కనే అమ్మే 100 ఆక్టేన్ ఖరీదైన పెట్రోలుతో అదే పరీక్ష చేస్తే గీత 10 దగ్గరే ఉంది. ఆ ధరకు రోజూ పోయించలేను కానీ, వర్షాకాలంలో బండిని నెలలు కదపకుండా ఉంచేటప్పుడు ట్యాంకు నిండా అదే పోయించాలని నిర్ణయించుకున్నాను.

తరువాత హోసు. ఛాసిస్ వెంబడి వచ్చే ఇనుప గొట్టానికీ ఏసీ పంపుకూ మధ్య జానెడు రబ్బరు ముక్క ఉంది. పైకి నల్లగా నిగనిగలాడుతూ కొత్తదానిలా కనిపించింది. బ్లేడుతో నిలువునా చీల్చితే లోపలి పొర తడిసిన అట్టలా వేళ్లకు ఊడి వచ్చింది. పంపు గాజు గిన్నె అడుగున నల్లటి పొట్టు, ఇటుక రంగు తుప్పు కలిసి అరంగుళం మేర పేరుకుంది. మూడు చోట్లా ఆర్9 హోసు వేయించి, డయాఫ్రం మార్పించి, ట్యాంకు దింపి కడిగించాను. పెట్రోలు గొట్టం ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డుకు రెండు వేళ్ల దూరంలో ఉంటే పక్కకు వంచి కట్టించాను. నా కారులో ఉన్నది ఎస్‌యూ కార్బొరేటర్. పెట్రోలు కొంచెం ఎక్కువ అందేలా దాని కింద జెట్టు నట్టును రెండు పలకల మేర దించి, పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టను కొంచెం ఎత్తి చూశాను. ఇంతకుముందు ఎత్తగానే ఇంజను చావబోయేది, ఇప్పుడు ఒక్కసారి వేగం పెరిగి మళ్లీ సర్దుకుంటోంది. మొత్తం ఖర్చు రూ.6,400.

పరీక్ష కోసం మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి మెహదీపట్నం వరకు వచ్చాను, బండి ఎక్కడా తడబడలేదు. ఆపైన ఔటర్ రింగు రోడ్డు మీద ఘట్‌కేసర్ నుంచి శంషాబాద్ వరకు గంటకు 70 కిలోమీటర్ల వేగం దాటకుండా రెండుసార్లు తిరిగాను, లారీలవాళ్లు హారను కొట్టి తిట్టుకున్నా సరే. 1,100 కిలోమీటర్ల తరువాత ఎగ్జాస్టులు: 1వది 15, 4వది 14, 5వది 15, 8వది 15.

రాణిగంజ్_లేత్:

1,100కు ఒక్క థౌ, అదీ గేజి పట్టే చేతిలో వచ్చే తేడా కావచ్చు. హెడ్డు ముట్టుకోవద్దు. ప్రతి 1,500 కిలోమీటర్లకు కొలుస్తూ ఉండండి. 4వది మళ్లీ 12కు పడితే గంటకు 60 దాటకండి, ఆ తరువాతా పడుతూ ఉంటే అప్పుడు తీసుకురండి, నాలుగు ఎగ్జాస్టులకే వేద్దాం. సీసానికి బదులుగా అమ్మే సీసా మందులు కొందామనుకుంటే ఏదో ఒక్కదానికే కట్టుబడండి. కొన్నింట్లో పొటాషియం, కొన్నింట్లో సోడియం, కొన్నింట్లో భాస్వరం ఉంటాయి, ఒకదాని మీద ఒకటి కలపకూడదు. ఊళ్లో తిరిగినంత వరకు మీకు వాటి అవసరం కూడా కనబడటం లేదు.

హెరాల్డ్_ప్రయాణి:

అంకెలు చూశాక నేనూ రాణిగంజ్ గారితో ఏకీభవిస్తున్నాను. విజయవాడ బయల్దేరేటప్పుడు మాత్రం చెప్పండి, నా హెరాల్డ్ వెనుక మెల్లగా రావచ్చు.

మలకపేట_మార్క్‌టూ:

అందరికీ కృతజ్ఞతలు. చివరగా ఒక చిన్న విషయం. రెండుసార్లు ట్యాపెట్ మూత తీసేసరికి కింద ఉన్న కార్కు ప్యాకింగు రెండు ముక్కలై ఆయిలు కారుతోంది. మార్క్ టూ మూతకు సరిపోయేది ఎక్కడ దొరుకుతుంది?

పద్మిని_81:

పుత్లీబౌలిలో అడిగి చూడండి, దొరకకపోతే కార్కు షీటు కొని మూతను బోర్లించి గీత గీసి కోసుకోండి. బిగించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టండి, లేకపోతే మూలల దగ్గర మళ్లీ విరుగుతుంది.